ఆరు పాయింట్ ఎనిమిది

తెల్లారుజామున నాలుగున్నరకి
బర్రె నన్ను లేపుతుంది.
కోడి కూయకముందే, కలిగిరి నుంచి పాల వ్యాను రాకముందే
పలుపు ఒకసారి గుంజి, ముక్కుల్లోంచి గాలి వదిలి
లేస్తావా లేదా అన్నట్టు.

దూడని విడిచి నాలుగు గుటకలు తాగనిచ్చి
మళ్ళీ గుంజకి కట్టి
పొదుగు మీద నీళ్ళు చల్లి కూర్చుంటాను.
చేపు వచ్చేదాకా ఏమీ మాట్లాడను.
వచ్చిందంటే
ముందు బకెట్టు అడుగున గట్టి చప్పుడు,
తర్వాత నురగలో మెత్తటి చప్పుడు.
ఈ రెండు చప్పుళ్ళ మధ్యే
నాకు పదకొండేళ్ళు గడిచాయి.

పాలకేంద్రం పుస్తకంలో మాత్రం
ఆ పదకొండేళ్ళూ పెంచలయ్యవి.
నూట నలభై రెండో నంబరు, పెంచలయ్య.
చిట్టు నానబెట్టింది నేను,
గట్ల వెంట గడ్డి కోసి నడుం వంచుకుంది నేను,
వానల్లేని ఏడు దాని కుడితి కోసం
మా స్నానాలు మానిపించింది నేను.
పదిహేను రోజులకోసారి, బిల్లు ఇచ్చేనాడు,
తెల్లచొక్కా తొడుక్కుని ఆయన పోయేవాడు.

చెడ్డోడు కాదు. ఆ మాట కూడా చెప్పాలి.
తెచ్చినదాంట్లో సగం నా చేతిలోనే పెట్టేవాడు,
ఇచ్చినట్టు.

పోయిన శ్రావణంలో నాకు జొరం తగిలింది.
డెంగీ అన్నారు, కావలి ఆస్పత్రిలో ఆరు రోజులు.
బర్రె ఆయన్ని దగ్గరికి రానీలేదు.
ఒక్క తాపుకి బకెట్టు ఎగిరి పెంటదిబ్బ మీద పడింది.
మొదటిరోజు అరలీటరు. రెండోరోజు అదీ లేదు.
పొదుగు రాయిలా బిగిసిపోతుంటే
మూడోనాడు పొద్దున
ఆ మనిషి నా నీలం చీర చుట్టుకున్నాడంట,
కొంగు నెత్తిన కప్పుకుని
గొంతు సన్నం చేసి "రావే నల్లమ్మా" అన్నాడంట.
పక్కింటి కరీమున్ చూసి
నవ్వు ఆపుకోలేక గోడవతలే కూలబడిందంట.

బర్రె వాసన చూసింది.
చీర నాది, చెయ్యి నాది కాదు.
కాసేపు ఆలోచించి
మూడు లీటర్లు ఇచ్చింది. మిగతాది దాచుకుంది.

నేను ఇంటికొచ్చిన రాత్రి
అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి
"దానికి తెలుసే, అది ఎవరిదో" అన్నాడు.
ఇంకేం అనలేదు. నేనూ అనలేదు.
చారులో కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టుకున్నాడు.

ఆ వారం కేంద్రానికి
ఆధార్ కార్డూ బ్యాంకు పుస్తకమూ పట్టుకుని పోయాను.
మా పొదుపు గ్రూపు పది మందిమీ పోయామంటే బాగుంటుంది గానీ
పోయింది నేనూ కరీమునూ, ఇద్దరమే.
మిగతావాళ్ళు చూద్దాంలే అన్నారు,
చూస్తూనే ఉన్నారు.
సెక్రటరీ కళ్ళద్దాలు పైకి తోసి
"ఏం, పెంచలయ్యకి ఏమైంది?" అన్నాడు.
"ఆయనకేం కాలేదు. పాలు పితికేది నేను."
ఆయన ఫారంలో ఆ మాటకి గడి లేదు.
మూడు సంతకాలు, రెండు తిరుగుళ్ళు,
ఒక 'రేపు రా'.

ఇప్పుడు మిషన్లో పాలు పోస్తే
ఎర్ర అంకెలు వెలుగుతాయి.
ఫ్యాటు ఆరు పాయింట్ ఎనిమిది.
చీటీ మీద, మసక సిరాలో, మస్తానమ్మ.
రెండో తరగతి దగ్గరే ఆగిన చదువు నాది,
ఈ పేరు మాత్రం కూడబలుక్కోకుండా చదువుతాను.
మొదటి చీటీ పసుపు డబ్బాలో దాచాను.
నెల తిరిగేలోపు అక్షరాలు చెరిగి తెల్లకాయితం మిగిలింది.
పోనీ. సాయంత్రానికి ఇంకోటి వస్తుంది.

తెలకపిండి ధర, డాక్టరు సూది, లోను వాయిదా తీసేస్తే
మిగిలేది చెప్పుకునేంత కాదు.
కానీ ఎంత మిగిలిందో
నాకే ముందు తెలుస్తుంది.

నీలం చీర ఇప్పుడు కొట్టంలో దండెం మీదే ఉంటుంది.
నేను బ్యాంకుకో, కూతురి కాన్పుకో పోయినప్పుడు
ఆయనే తీసి కట్టుకుంటాడు.
దాన్ని మాత్రం
ఉతకొద్దని చెప్పాను.